మధ్యయుగపు మర్డర్ మిస్టరీల్లో ముందు ఏది చదవాలి?

మా బావ డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివి పెరిగిన మనిషి. కొమ్మూరి సాంబశివరావు పాత పుస్తకాలు అట్టలు ఊడిపోయినా ఇంకా బీరువాలో దాచుకున్నాడు. "హత్య ఉండాలి, రాజుల కాలం నాటిదై ఉండాలి, ఏదైనా మంచి పుస్తకం ఇవ్వరా" అని అడిగితే ఉంబెర్తో ఎకో రాసిన 'ద నేమ్ ఆఫ్ ద రోజ్' చేతిలో పెట్టాను. పది రోజుల తర్వాత తిరిగి తెచ్చిచ్చాడు. గుర్తుకోసం పెట్టుకున్న బస్సు టికెట్టు అరవయ్యో పేజీలోనే ఉంది. "ఇందులో శవం కంటే చర్చి ఎక్కువుంది" అన్నాడు.

తప్పు నాది. ఆయనకేం కావాలో కనుక్కోకుండా నాకు నచ్చింది అంటగట్టాను. తర్వాత, మఠంలో ఉంటూ హత్యల గుట్టు తేల్చే సన్యాసి బ్రదర్ క్యాడ్‌ఫెల్ కథ ఒకటి ఇస్తే, నెలలో నాలుగు చదివేశాడు.

ఈ తరహా నవలల మీద పాఠకుల అభిప్రాయాలు చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. ఐదు స్టార్లు ఇచ్చినవాళ్లూ, ఒక స్టార్ ఇచ్చినవాళ్లూ చాలాసార్లు చెప్పే కారణం ఒకటే. మఠంలో రోజు ఎలా గడుస్తుందో కళ్లకు కట్టాడని ఒకరు మెచ్చుకుంటారు, మఠంలో రోజు ఎలా గడుస్తుందో చెబుతూ కూర్చున్నాడని ఇంకొకరు విసుక్కుంటారు. అందుకే సగటు రేటింగు చూసి కొంటే ఉపయోగం లేదు. మూడు స్టార్లు ఇచ్చినవాళ్లు రాసింది చదవండి. వాళ్లు ఏది నచ్చిందో, ఎక్కడ ఆగిపోయారో రెండూ చెబుతారు. వాళ్లు ఆగిన చోట మీరు కూడా ఆగుతారా అన్నది మీరే తేల్చుకోవచ్చు.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, కథ పట్టు దొరకడానికి ఎన్ని పేజీలు ఓపిక పట్టగలరు? కొన్నిటిలో మొదటి వాక్యంలోనే శవం మాట్లాడుతుంది. కొన్నిటిలో వంద పేజీలు నడవాలి.

రెండోది, హత్యకు ఎంత చోటు, ఆ కాలానికి ఎంత చోటు అన్నది. ఎవరు చంపారన్నదే ముఖ్యమైన పాఠకుడికి అప్పటి మతం గొడవలు అడ్డంకి. చరిత్ర కోసం వచ్చినవాడికి హత్య ఒక సాకు మాత్రమే.

మూడోది చాలామంది కొన్నాక కానీ గమనించరు. పాత్రలు ఆ కాలపు మనుషుల్లా ఆలోచిస్తాయా, లేక మన కాలపు మనిషికి పాత బట్టలు తొడిగినట్టుంటాయా? కొందరికి ఇది పట్టదు. కొందరికి భోజనంలో రాయి తగిలినట్టే.

రక్తపాతం ఎంత, ఒక్క పుస్తకమా లేక సిరీసా అన్నవి కూడా చూడాలి. మనకు ఇంకోటి ఉంది: ఇంగ్లీషు. ఇక్కడ చెబుతున్నవన్నీ నేను ఇంగ్లీషులో చదివినవే, అన్నీ ఒకే తీరుగా సులువు కావు.

ద నేమ్ ఆఫ్ ద రోజ్

1327 నవంబరు. ఉత్తర ఇటలీ కొండల్లో బెనెడిక్టైన్ అనే శాఖ సన్యాసుల మఠం ఒకటి. గ్రంథాలయం ఉన్న బురుజు కింద, లోయలో, పుస్తకాలకు బొమ్మలు వేసే ఒక కుర్ర సన్యాసి శవం దొరుకుతుంది. అప్పుడే అక్కడికి చేరిన విలియం అనే ఫ్రాన్సిస్కన్ (ఇంకో శాఖ) సన్యాసిని సంగతేమిటో తేల్చమని మఠాధిపతి అడుగుతాడు. అదే నోటితో గ్రంథాలయంలోకి మాత్రం అడుగు పెట్టొద్దంటాడు. ఆ గ్రంథాలయం 56 గదుల చిక్కుదారి. కథ మొత్తం ఏడు రోజులు. ప్రతిరోజునూ మఠంలో ప్రార్థన వేళల ప్రకారం విడగొట్టి అధ్యాయాలు చేశారు. కథ చెప్పేది విలియం వెంట ఉన్న ఆడ్సో అనే కుర్రాడు, ముసలితనంలో గుర్తు చేసుకుంటూ.

ఎకో బొలోన్యా విశ్వవిద్యాలయంలో సంకేతశాస్త్రం చెప్పిన ప్రొఫెసరు. ఇది ఆయన మొదటి నవల. 1980లో ఇటాలియన్‌లో వచ్చింది, మరుసటి ఏడాది ఇటలీ వాళ్ల స్ట్రేగా సాహిత్య బహుమతి గెలిచింది, 1983లో విలియం వీవర్ ఇంగ్లీషు అనువాదం వచ్చింది. మొదటి వంద పేజీలు కుదించమని ప్రచురణ సంస్థలోని మిత్రులే సలహా ఇస్తే ఆయన ఒప్పుకోలేదు. మఠంలో ఏడు రోజులు ఉండాలనుకునే పాఠకుడు మఠం నడకకు అలవాటు పడాల్సిందేనని, ఆ వంద పేజీలు ఒక తపస్సు లాంటివని తర్వాత రాసుకున్నాడు. అంటే బావ అరవయ్యో పేజీలో ఆగిపోవడం రచయిత ముందే ఊహించిన సంగతి. బావకు చెబితే ఇంకా కోపం వచ్చింది.

పాఠకులు ఎక్కువగా తడబడేది మూడు చోట్ల. లాటిన్ వాక్యాలు అనువాదం లేకుండా అలాగే వదిలేశారు. వాటిని దాటేసి చదివినా కథ పోదు. మరీ పట్టుదల ఉన్నవాళ్లకు 'ద కీ టు ద నేమ్ ఆఫ్ ద రోజ్' అని ఒక విడి పుస్తకం ఉంది, అందులో వాటి అర్థాలు దొరుకుతాయి. రెండోది వర్ణనలు. చర్చి ద్వారం మీది శిల్పాలను పేజీల తరబడి చెప్పుకుపోతాడు. అక్కడ వేగంగా పోవచ్చు, నేను పోయాను.

మూడోది ఏసుక్రీస్తు పేదరికం మీద చర్చ. ఇది కాస్త ముందే తెలిసి ఉంటే పుస్తకం సగం తేలికవుతుంది. క్రీస్తుకూ ఆయన శిష్యులకూ సొంత ఆస్తి ఏమీ లేదని ఫ్రాన్సిస్కన్లు వాదించారు. అది మతవిరుద్ధమని 1323లో పోప్ 22వ జాన్ తీర్పిచ్చాడు. క్రీస్తుకే ఆస్తి లేకపోతే ఆయన పేరు మీద చర్చికి ఇన్ని భూములు ఎందుకన్న ప్రశ్న వస్తుంది కదా. పోప్‌తో పడని చక్రవర్తి, బవేరియా లూయీ, ఈ సన్యాసులను వెనకేసుకొచ్చాడు. ఈ రెండు పక్షాలూ మాట్లాడుకోవడానికి ఈ మఠంలో కలుస్తున్నాయి, సరిగ్గా అప్పుడే శవాలు లేస్తున్నాయి. మఠాల మాన్యాల మీద మన దగ్గర నడిచే కోర్టు కేసులు తెలిసినవాళ్లకు ఇది అంత పరాయి విషయమేమీ కాదు.

ఇంకో ఫిర్యాదు న్యాయమైనదే. పుస్తకం మొత్తంలో చెప్పుకోదగ్గ స్త్రీ పాత్ర ఒక్కటే, ఆమెకు పేరు కూడా లేదు. మఠంలో కథ కాబట్టి అంతే అని సర్దిచెప్పేవాళ్లున్నారు. నాకు ఆ సర్దుబాటు పూర్తిగా నచ్చదు. ఆడ్సో ఆమె పేరు తెలుసుకోలేకపోయానని జీవితాంతం బాధపడడం మాత్రం రచయిత కావాలనే పెట్టాడనిపిస్తుంది.

క్లూలన్నీ చివర్లో ఇటుకల్లా చక్కగా అతకాలని కోరుకునేవాళ్లకు ముగింపు మీద పేచీ ఉంటుంది. ఎకో ఆ కోరికతోనే ఆడుకున్నాడు. ఇంతకంటే చెబితే గుట్టు బయటపడుతుంది.

కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష చెబుతాను. మొదటి రోజు మొదటి అధ్యాయంలో మఠం గుర్రం తప్పిపోతుంది. వెతుకుతున్నవాళ్లు అడక్కముందే అది ఎటు వెళ్లిందో, ఎలా ఉంటుందో, చివరికి దాని పేరేమిటో కూడా విలియం చెప్పేస్తాడు. తర్వాత ఆడ్సోకు ఎలా తెలిసిందో వివరిస్తాడు. ఆ వివరణ చదివి మీకు నవ్వొస్తే పుస్తకం మీది. "సరే, హత్య ఎప్పుడు?" అనిపిస్తే పక్కన పెట్టండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

సినిమా చూశాం కదా అనేవాళ్లకు ఒక మాట. 1986లో షాన్ కానరీతో వచ్చిన సినిమా ముగింపులో నవలకు తేడాలున్నాయి.

బ్రదర్ క్యాడ్‌ఫెల్ కథలు

ఎల్లిస్ పీటర్స్ అన్నది కలం పేరు, అసలు పేరు ఎడిత్ పార్జిటర్. ఇంగ్లండులో ష్రాప్‌షైర్ ఆవిడ సొంత ప్రాంతం, కథలు నడిచేదీ అక్కడి ష్రూస్‌బరీ మఠంలోనే. 1977 నుంచి 1994 వరకు 20 నవలలు రాశారు. కథాకాలం 1137 నుంచి 1145. సింహాసనం కోసం స్టీఫెన్ రాజూ, ఎంప్రెస్ మాటిల్డా కొట్టుకుంటున్న రోజులు.

క్యాడ్‌ఫెల్ వేల్స్ మనిషి. కుర్రతనంలో క్రూసేడు అనే మతయుద్ధానికి వెళ్లాడు, ఓడలు నడిపాడు, ప్రేమించాడు, నడివయసులో మఠంలో చేరి మూలికల తోట చూసుకుంటున్నాడు. లోకం చూసి వచ్చిన సన్యాసి కావడంతో తోటి సన్యాసులకు తెలియని సంగతులు ఆయనకు తెలుసు. ఈ ఒక్క ఏర్పాటుతోనే సిరీస్ సగం నిలబడింది. మా బావకు నచ్చింది కూడా ఇదే. "ఈయన మన ఊరి ఆచారి వైద్యుడిలా ఉన్నాడు" అన్నాడు.

రెండో నవల 'వన్ కార్ప్స్ టూ మెనీ' ఎత్తుగడ ఎంత బాగుంటుందంటే, ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. 1138లో కోట పట్టుకున్న స్టీఫెన్ అందులోని 94 మందిని ఉరి తీయిస్తాడు. శవాలకు అంత్యక్రియలు చేయడానికి వెళ్లిన క్యాడ్‌ఫెల్ లెక్కపెడితే 95 ఉంటాయి. అన్ని చావుల మధ్య ఒక హత్యను దాచేశారన్నమాట. ఇంతమందిని చంపిన రాజును ఎవరూ అడగరు, ఆ ఒక్కడి కోసం క్యాడ్‌ఫెల్ ఎందుకు పట్టుబడతాడన్నదే కథకు బలం.

మూడోది 'మంక్స్ హుడ్'. కీళ్ల నొప్పులకు క్యాడ్‌ఫెల్ స్వయంగా తయారుచేసిన తైలాన్నే ఎవరో విషంగా వాడతారు. మంక్స్ హుడ్ అన్నది ఆ తైలంలో వేసే మొక్క పేరు, మన ఆయుర్వేదంలో వత్సనాభి జాతిదే. శుద్ధి చేస్తే మందు, లేకపోతే ప్రాణం తీస్తుందని మన వైద్యులు చెప్పే మాట ఈ నవల చదువుతున్నంతసేపూ చెవిలో మోగుతుంది. దీనికి బ్రిటిష్ నేర కథా రచయితల సంఘం వారి సిల్వర్ డాగర్ బహుమతి వచ్చింది.

ఫిర్యాదు? మూడు నాలుగు వరసగా చదివితే అచ్చు కనబడుతుంది. ప్రతి దానిలో ఒక కుర్ర జంట ఉంటుంది, వాళ్ల ప్రేమ గట్టెక్కుతుంది. హంతకుడిని ముందే పట్టేయడం కూడా అంత కష్టం కాదు. అందుకే నెలకొకటి చాలు. రాత్రి పడుకునే ముందు ముప్పై పేజీలు చదివే అలవాటున్నవాళ్లకు ఇంతకంటే మంచి తోడు ఈ జాబితాలో లేదు. ఇంగ్లీషు కాస్త పాతకాలపు పోకడతో ఉంటుంది కానీ వాక్యం ఎక్కడా కంగారు పెట్టదు.

మై నేమ్ ఈజ్ రెడ్

1591 చలికాలం, ఇస్తాంబుల్. యూరప్ లెక్క ప్రకారం అప్పటికి మధ్యయుగం ముగిసింది, కాబట్టి ఇది ఇక్కడ ఉండకూడదని పట్టుబట్టేవాళ్లుంటారు. పాఠకులు మాత్రం దీన్నెప్పుడూ ఎకో నవల పక్కనే పెట్టి పోలుస్తారు కాబట్టి నేనూ పెడుతున్నాను.

ఒర్హాన్ పాముక్ 1998లో టర్కిష్‌లో రాసిన ఈ నవల మొదటి అధ్యాయంలో బావిలో పడేసిన శవం మాట్లాడుతుంది. తర్వాత కుక్క, చెట్టు, నాణెం, ఎర్ర రంగు కూడా తలా ఒక అధ్యాయం చెబుతాయి. మొత్తం 59 అధ్యాయాలు. చనిపోయినవాడు సుల్తాను చిత్రశాలలో బంగారు పూత పనివాడు. హిజ్రీ వెయ్యో సంవత్సరం కోసం సుల్తాను రహస్యంగా చేయిస్తున్న ఒక పుస్తకం ఈ హత్యకు మూలం. అందులో బొమ్మలను ఫిరంగీల, అంటే యూరప్ వాళ్ల, పద్ధతిలో వేయిస్తున్నారన్నది గొడవ. హైదరాబాదు వాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మన చార్మినార్ కట్టిందీ 1591లోనే, ఆ హిజ్రీ వెయ్యో సంవత్సరంతోనే దాన్నీ ముడిపెట్టి చెబుతారు. అక్కడ ఆ పుస్తకం, ఇక్కడ ఈ కట్టడం. నవల చదివాక చార్మినార్ దగ్గర చాయ్ తాగుతుంటే అది వేరేగా కనిపించింది నాకు.

పరిశోధన పద్ధతి ఇందులో అన్నిటికంటే కొత్తది. అనుమానితులు ముగ్గురు చిత్రకారులు. ప్రతివాడూ తన పేరుతో మాట్లాడతాడు. హంతకుడు పేరు చెప్పకుండా విడిగానూ మాట్లాడతాడు. మాట తీరును బట్టి ఎవరో పట్టుకోండని పాఠకుడికి సవాలు. చిత్రకారుడికి సొంత శైలి ఉండడం గొప్పా, లోపమా అన్న చర్చకూ హంతకుడు దొరకడానికీ సంబంధం ఉంది. హత్యా, చర్చా ఒకే నూలుతో నేసిన నవల ఇది. ఎకో దగ్గర పేదరికం చర్చను తీసేసినా హత్యలు జరిగేవేమో అనిపిస్తుంది, పాముక్ దగ్గర చిత్రకళ చర్చను తీసేస్తే హత్యే లేదు.

నచ్చనివాళ్లు చెప్పేది కూడా నిజమే. చెప్పిన సంగతే మళ్లీ మళ్లీ వస్తుంది. ఖుస్రో–షిరీన్ అనే పాత పారశీక ప్రేమకథ ఎన్నిసార్లు తగులుతుందో లెక్క తప్పుతుంది. మధ్యలో వంద పేజీలు నాకూ బరువుగా నడిచాయి.

మిస్ట్రెస్ ఆఫ్ ద ఆర్ట్ ఆఫ్ డెత్

1171, కేంబ్రిడ్జి. పిల్లలను ఎవరో చంపుతున్నారు, ఊరు యూదుల మీద నింద వేసింది. వాళ్లు కోటలో తలదాచుకుంటే రెండో హెన్రీ రాజుకు వాళ్ల నుంచి వచ్చే పన్నులు ఆగిపోతాయి. అందుకని శవాల నుంచి నిజం రాబట్టే వైద్యుడొకరిని ఇటలీలో వైద్యానికి పేరున్న సలెర్నో నుంచి రప్పిస్తాడు. వచ్చింది ఆడమనిషి, అడేలియా.

2007లో వచ్చిన ఈ నవల వేగంలో మిగతావాటిని వెనక్కి నెట్టేస్తుంది. థ్రిల్లర్లు చదివేవాళ్లకు మొదటి ప్రయత్నంగా బాగుంటుంది. రచయిత్రి ఆరియానా ఫ్రాంక్లిన్ ఈ సిరీస్‌లో నాలుగు రాశారు. కానీ హింస పిల్లల మీద, అదీ కాస్త వివరంగా. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు ఆలోచించుకోండి. అడేలియా ఆలోచనలు మన కాలానివన్నది ఇంకో విమర్శ. సలెర్నోలో స్త్రీలు వైద్యం చేశారన్నదానికి చరిత్రలో ఆధారం ఉంది, కాబట్టి ఆమె వృత్తి మీద నాకు అభ్యంతరం లేదు. ఆమె మాటలు మాత్రం అక్కడక్కడ నిన్నమొన్నటివిలా వినిపిస్తాయి.

జడ్జ్ డీ కథలు

సన్యాసులూ చర్చిలూ వద్దనుకుంటే ఇవి తీసుకోండి. ఏడో శతాబ్దపు చైనాలో నిజంగా ఉన్న ది రెన్‌జియే అనే అధికారి మీద అల్లిన కథలు. రాసింది రాబర్ట్ వాన్ గులిక్ అనే డచ్ దౌత్యవేత్త. ఈయన డాక్టరేటు చేసింది చైనా, జపాన్‌లలో హయగ్రీవుడి ఆరాధన మీద! పుస్తకాల్లో బొమ్మలు కూడా తనే వేసుకున్నాడు.

డీ ఒక్కడే పోలీసు, విచారణాధికారి, న్యాయమూర్తి. ఒకేసారి మూడు కేసులు నడుస్తుంటాయి. ఒక్కోటీ రెండు వందల పేజీల లోపో, కాస్త పైనో ఉంటుంది. మొదలుపెట్టాలంటే 'ద చైనీస్ గోల్డ్ మర్డర్స్' మంచిది, డీ మొదటి పోస్టింగు కథ అది. పాత్రల లోతు ఆశించొద్దు. ఆచారాలు, దుస్తులు ఏడో శతాబ్దానివి కావు, చాలా తర్వాతి మింగ్ రాజవంశం కాలానివి.

| నవల | కాలం, చోటు | సుమారు పేజీలు | మొదట్లో ఓపిక | హింస |
|---|---|---|---|---|
| ద నేమ్ ఆఫ్ ద రోజ్ | 1327, ఇటలీ | 500 | చాలా కావాలి | మధ్యస్థం |
| క్యాడ్‌ఫెల్ (ఒక్కోటి) | 1137–45, ఇంగ్లండు | 200–250 | అక్కర్లేదు | తక్కువ |
| మై నేమ్ ఈజ్ రెడ్ | 1591, ఇస్తాంబుల్ | 400 పైన | మొదట్లో కాదు, మధ్యలో కావాలి | మధ్యస్థం |
| మిస్ట్రెస్ ఆఫ్ ద ఆర్ట్ ఆఫ్ డెత్ | 1171, కేంబ్రిడ్జి | 400 | అక్కర్లేదు | ఎక్కువ |
| జడ్జ్ డీ (ఒక్కోటి) | ఏడో శతాబ్దం, చైనా | 200 | అక్కర్లేదు | మధ్యస్థం |

ఎవరికి ఏది

ఇంగ్లీషు నవలలు ఇప్పుడిప్పుడే చదువుతున్నవాళ్లు జడ్జ్ డీతో మొదలుపెట్టండి. వాక్యాలు పొట్టివి, సంభాషణ ఎక్కువ. చైనా పేర్లు మాత్రం ఒక కాగితం మీద రాసుకోండి, లేకపోతే మూడు కేసులూ కలగాపులగం అవుతాయి.

పెద్దవాళ్లకు, ముఖ్యంగా అమ్మానాన్నలకు కొనిచ్చేటట్టయితే క్యాడ్‌ఫెల్. ఇబ్బంది పడాల్సిన పేజీలు ఉండవు. సిరీస్ మొదటి పుస్తకం నుంచే చదవాలన్న నియమం లేదు, కానీ రెండోదాంట్లో క్యాడ్‌ఫెల్‌కు స్నేహితుడయ్యే హ్యూ బెరింగర్ పరిచయమవుతాడు. తర్వాత పుస్తకాల్లో ఆ స్నేహం ముఖ్యం కాబట్టి దాన్ని దాటేయొద్దు.

బొమ్మలు, కాలిగ్రఫీ, పాత రాతప్రతులు ఇష్టమైనవాళ్లు, నవల ఎలా రాస్తారన్న ఆసక్తి ఉన్నవాళ్లు నేరుగా పాముక్ దగ్గరికి వెళ్లొచ్చు. ప్రయాణంలో చదవడానికైతే అడేలియా.

ఎకో నవల మాత్రం ఎవరికీ మొదటి పుస్తకంగా చెప్పను. రెండు మూడు క్యాడ్‌ఫెల్‌లు చదివితే మఠంలో ప్రార్థన వేళలు, ఎవరి హోదా ఏమిటి, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి అన్నవి తెలియకుండానే అలవాటవుతాయి. అప్పుడు ఆ వంద పేజీలు అంత ఏటవాలుగా ఉండవు. ఒక్కటి గుర్తుంచుకోండి: దాన్ని రోజుకు పది పేజీల చొప్పున చదివితే పేర్లు మరిచిపోయి మళ్లీ వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. సంక్రాంతికో, దసరాకో నాలుగు రోజులు సెలవు దొరికినప్పుడు పట్టుకోండి. మా బావ ఈ దసరాకు మళ్లీ అడిగాడు. బస్సు టికెట్టు తీయకుండా అలాగే ఇచ్చాను.